యుద్ధభయము – ఇంటి పద్దు

2022వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయిన్ దేశములో ప్రవేశించెను. ఆ దేశము మన షోలాపురమునకు వేల మైళ్ల దూరమున నున్నది. మన వాడలలోని ముసలివారిలో పెక్కురు అంతకుముందు దాని పేరైనను విని యుండరు. అయినను మార్చి నెల గడవకముందే కిరాణా అంగడిలో పొద్దుతిరుగుడు నూనె ధర నడిగిన తల్లులందరును ఆ యుద్ధము సంగతి తెలిసికొనిరి. ఆ తరువాత పెట్రోలు, నూలు, అప్పుమీది వడ్డీ ఒకదాని వెంట నొకటి పెరిగినవి. ఏడాది తిరుగులోపల ‘మాంద్యము’ అను మాట పత్రికలలోను, కార్ఖానాల గుమ్మములయొద్దను, పాఠశాలకు వచ్చు తలిదండ్రుల నోటను వినబడసాగెను.

ఆ భయము ఆ యేటితో ముగియలేదు. ఎక్కడ యుద్ధము పుట్టినను, ఏ సముద్రమార్గము మూతపడునన్న వార్త వచ్చినను, అదే మాట మరల లేచుచున్నది. కావున ఆ భయమెట్టిదో, అందులో నిజమెంతయో, అది మన యిండ్లలో నేమి చేయుచున్నదో ఒకమారు తూచి చూడవలెనని మేము తలంచితిమి. మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. భయపడుట తప్పు కాదు. కాని భయము చొచ్చిన యింట మొట్టమొదట తెగునది పిల్లల చదువు కారాదు.

ముందుగా కారణములను చూతము. ప్రపంచమున ఎగుమతియగు పొద్దుతిరుగుడు నూనెలో సగమునకు మించి ఉక్రెయిన్, రష్యా దేశములనుండియే వచ్చుచుండెను. ఎగుమతి గోధుమలలో నాలుగవ వంతునకు పైగా ఆ రెండు దేశములవే. మన దేశము తనకు కావలసిన వంటనూనెలలో సగమునకు పైగా బయటినుండి కొనుచున్నది. అందుచేత నల్లసముద్రపు రేవులలో ఓడలు నిలిచిపోగానే ఆ దెబ్బ మన వంటయింటిని తాకెను. ముడిచమురు పీపా ధర ఆ మార్చి 7వ తేదీన ఒక దశలో 139 డాలర్లు పలికెను. మన దేశములో మార్చి 22 మొదలు ఏప్రిల్ 6 వరకు, అనగా ఒక పక్షము దినములలో, పెట్రోలు ధర లీటరునకు మొత్తము 10 రూపాయలు పెరిగెను. లారీ కదలనిదే ఏ సరకును అంగడికి రాదు. ఏప్రిల్ నెలలో దేశమున చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతమునకు చేరెను.

ఇక్కడ విద్యార్థులు రెండు సంగతులను వేరుచేసి గ్రహింపవలెను. ధరలు పెరుగుట ఒకటి, మాంద్యము వేరొకటి. ధరలు పెరిగినప్పుడు చేతిలో రూపాయి యుండియు సరకు తక్కువగా వచ్చును. మాంద్యము వచ్చినప్పుడు అంగడిలో సరకు నిండుగా నుండియు చేతికి రూపాయి రాదు. మొదటిదానికంటె రెండవది కష్టజీవికి భయంకరమైనది. ఏలయనగా ధర పెరిగిన వస్తువును కొంత తగ్గించి వాడుకొనవచ్చును గాని, లేని పనిని సగము చేసి సగము కూలి తెచ్చుకొనుటకు వీలులేదు.

మరి మొదటిది రెండవదానికి ఎట్లు దారితీయును? ధరలను అణచుటకై ప్రభుత్వముల బ్యాంకులు వడ్డీ పెంచును. మన రిజర్వు బ్యాంకు 2022 మే నెల ఆరంభమున 4 శాతముగా నున్న తన రేటును 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతము చేసెను. అమెరికా కేంద్రబ్యాంకు సున్నకు దగ్గరగా నున్న తన రేటును 2023 జులై నాటికి 5.25 – 5.5 శాతముల నడుమకు తెచ్చెను. వడ్డీ పెరిగినచో అప్పు తెచ్చి మగ్గము కొన్నవాని వాయిదా బరువగును. ఇల్లు కట్టుకొనుచున్నవాని పని సగములో నిలుచును. అమెరికాలోనో, ఐరోపాలోనో ఒక గృహిణి తన యింటి ఖర్చులు లెక్క వేసికొనును. రొట్టెకును, వంటచెఱకునకు బదులు వాడు వాయువునకును ఆమె డబ్బు తప్పక ఇయ్యవలెను. పాత తువాలు మాత్రము మరియొక యేడు పనికివచ్చును. ఆమె కొనక వాయిదా వేసిన ఆ తువాలు మన షోలాపురములో నేయవలసినది. ఆమె చేసినది తప్పు కాదు. కాని అట్టి గృహిణులు లక్షలమంది యైనప్పుడు రెండు పాళీలు నడచు మరమగ్గము ఒక పాళీకి దిగును. మగ్గము నడపు తండ్రి వారపు కూలి సగమగును.

ఇది చాలదన్నట్లు ఆ యేడు పత్తి ధరయు మండిపోయెను. 356 కిలోల ఖండి పత్తి ధర 2022 మే నెలలో లక్ష రూపాయలను దాటెను. దానికి యుద్ధ మొక్కటే కారణము కాదు. అంతకుముందు పంట తగ్గుటయు కారణమే. ఏది ఎట్లున్నను నూలు ప్రియమై, తువాలునకు గిరాకి తగ్గినచో నేతవాడు ఇరువైపుల నొత్తిడికి లోనగును. పడుగు పేకల నడుమ బ్రదుకు మనవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఇక ఆ భయములో నిజమెంత? అంతర్జాతీయ ద్రవ్యనిధి వారు 2022 జనవరిలో, యుద్ధమునకు ముందు, ఆ యేడు ప్రపంచోత్పత్తి 4.4 శాతము పెరుగునని లెక్కగట్టిరి. ఏప్రిల్‌లో దానిని 3.6 శాతమునకును, జులైలో 3.2 శాతమునకును తగ్గించిరి. అక్టోబరులో మరుసటి యేటి పెరుగుదల 2.7 శాతము మాత్రమే యుండునని చెప్పి, ప్రపంచ ఆర్థికవ్యవస్థలో మూడవ వంతునకు పైగా కుంచించుకొనిపోవునని హెచ్చరించిరి. ఆ అంకెలు చదివినవారికి గుండె జారుట సహజమే. కాని 2023 గడచిన పిమ్మట చూడగా ప్రపంచోత్పత్తి 3 శాతమునకు మించియే పెరిగెను. ముడిచమురు ధర 2022 సంవత్సరాంతమునకే 90 డాలర్లకు దిగువకు వచ్చెను. 2009లో వలె ప్రపంచమంతయు ఒక్కమారుగా వెనుకకు నడువలేదు.

అట్లని భయము వట్టిదని చెప్పుటకు వీలులేదు. జర్మనీ ఉత్పత్తి 2023లో తగ్గెను. మన ప్రక్కనున్న శ్రీలంక, అంతకుముందే అప్పులలో మునిగియుండి, ఈ ధరల తాకిడికి నిలువలేక 2022 ఏప్రిల్‌లో విదేశీ ఋణములు చెల్లింపలేనని ప్రకటించెను. అక్కడ పెట్రోలు కొరకు జనులు దినముల తరబడి వరుసలలో నిలిచిరి. జులైలో అధ్యక్షుడు దేశము విడిచి పోయెను. కావున లోకమంతయు మునుగునన్నవారి మాట నిజము కాలేదు. ఎవరికి నేమియు కాదన్నవారి మాటయు నిజము కాలేదు. బలము గలవారు తట్టుకొనిరి. అప్పటికే బలహీనముగా నున్నవారు పడిరి. దేశముల విషయమున నిజమైన యీ మాట ఇండ్ల విషయమునను నిజమే.

చరిత్రను చూచినను ఇదియే తోచును. 1914లో ఐరోపాయందు యుద్ధము పుట్టగానే లండను స్టాకు ఎక్స్ఛేంజి జులై 31వ తేదీన తలుపులు మూసి మరుసటి జనవరి వరకు తెరువలేదు. మన దేశములో భయపడిన ప్రజలు తపాలా సేవింగ్సు బ్యాంకులనుండి డబ్బు తీసికొనుటకు గుంపులుగా పోయిరి. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక చెన్నపట్టణము మీద గుండ్లు ప్రేల్చి రేవునందలి నూనె తొట్లను తగులబెట్టగా అనేకులు పట్టణము విడిచి పారిపోయిరి. కొన్ని వారములలోనే ఆ నౌక హిందూమహాసముద్రములో పట్టుబడి చెడిపోయెను. తపాలా బ్యాంకులు మునుగలేదు.

1973 కథ వేరు. ఆ యేడు అక్టోబరులో ఈజిప్టు, సిరియాలకును ఇజ్రాయెలునకును యుద్ధము రేగెను. అరబ్బు దేశములు చమురును బిగబట్టెను. పీపా 3 డాలర్లున్న చమురు కొన్ని నెలలలోనే 12 డాలర్లకు సమీపించెను. మన దేశములో 1974లో ధరలు ఏడాదికి 20 శాతమునకు మించి పెరిగెను. అమెరికాలో 1974, 1975 సంవత్సరములు రెంటను ఉత్పత్తి తగ్గెను. అప్పుడు భయపడినవారి భయము నిజమే యయ్యెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో యుద్ధకాలమున ముందేమి జరుగునో ఎవరును నిశ్చయముగా చెప్పజాలరని తెలియును. కావున భయము నిజమా కాదా యను వాదముకంటె, భయమున్నప్పుడు మన మేమి చేయుదుమన్నది ముఖ్యము.

భయము కొన్నిమారులు తానే ఆపద యగును. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై బర్మా బియ్యము రాక ఆగిపోయెను. ఏప్రిల్ 6వ తేదీన కాకినాడ, విశాఖపట్టణముల మీద బాంబులు పడెను. మరుసటి యేడు వంగదేశములో కరవు వచ్చి 20 లక్షలకు మించిన జనులు మరణించిరి. ఆచార్య అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథములో ఒక సంగతిని లెక్కలతో చూపెను. 1943లో ఆ రాష్ట్రమున తిండిగింజలు 1941 నాటికంటె తక్కువ లేవు. యుద్ధపు ఖర్చులచే ధరలు పెరిగెను. ఇంకను పెరుగునన్న భయముచేతను ఆశచేతను ధాన్యమును దాచినవారుండిరి. కూలివాని కూలి మాత్రము ఆ ధరలను అందుకొనలేకపోయెను. ధాన్యము చాలినంత యున్నను దానిని కొనజాలనివారు చనిపోయిరి.

2022లోను దేశములు కొంత యిట్లే చేసినవి. ఇండోనేషియా ఏప్రిల్ 28వ తేదీన పామాయిలు ఎగుమతి నాపి, మే 23వ తేదీన మరల విడిచెను. మన ప్రభుత్వము మే 13వ తేదీన గోధుమల ఎగుమతిని నిషేధించెను. తన ప్రజల కడుపు చూచుకొనుట ప్రభుత్వమునకు విధి యగును గనుక ఆ పనులను మేము నిందింపము. కాని ప్రతి దేశమును తన తలుపు మూసికొన్నచో వీధిలో ధర పెరుగకుండునా? దీనికి భిన్నమైన కార్యమొకటియు ఆ యేడే జరిగెను. జులై 22వ తేదీన ఇస్తాంబులు నగరములో ఐక్యరాజ్యసమితి, తుర్కీల మధ్యవర్తిత్వమున, పోరాడుచున్న రెండు దేశములును ధాన్యపు ఓడలను పోనిచ్చుటకు వేర్వేరుగా సంతకములు చేసెను. 2023 జులైలో రష్యా వైదొలగువరకు ఆ యేర్పాటుక్రింద సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల ధాన్యము, నూనెగింజలు, నూనెలు బయటికి వచ్చెను. తుపాకులు మ్రోగుచుండగనే లెక్క చూచుకొని నడుచుకొన్నందున లోకమునకు కలిగిన మేలు ఇది.

ఇక మన యింటికి వత్తము. పని తగ్గినదన్న వార్త వచ్చినప్పుడు మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? ఎనిమిదవ తరగతి బాలుడు వారమునకు రెండు దినములు బడికి రాడు. అడిగినచో కండెలు చుట్టుటకు పోయితిననును. ఆరవ తరగతి బాలిక తల్లి ప్రక్కన తునికాకు కత్తిరించుచు కూర్చుండును. బీడీలకు వేయికింత యని కూలి వచ్చును గనుక, మరి రెండు చిన్న చేతులు తోడైనచో సాయంకాలమునకు వేయి పూర్తియగును. మొదట వారమునకు రెండు దినములు, తరువాత నాలుగు దినములు, ఆ తరువాత హాజరుపట్టీలో పేరునకు ఎదుట సున్నలు మాత్రమే మిగులును. మాంద్యము తగ్గిన పిమ్మట మగ్గము రెండవ పాళీకి ఎక్కును. పిల్లవాడు మాత్రము బడి మెట్లెక్కడు. ఇట్టివారిని మేము చూచితిమి.

తలిదండ్రులారా, మిమ్ము తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. రెండు వారములు పని లేక కూర్చున్న తండ్రికి మాంద్యమన నేమో మేము పాఠము చెప్పనక్కరలేదు. ఇంటిలో బియ్యము నిండుకొన్నప్పుడు చదువు మాట చెప్పువాని మీద కోపము వచ్చుట న్యాయమే. మా విన్నపమెల్ల ఖర్చులను తగ్గించు వరుసను గూర్చియే. అమెరికా గృహిణి తువాలును వాయిదా వేసెను; మరుసటి యేడు కొనవచ్చును. పెండ్లి ఖర్చులను, పండుగ బట్టలను, క్రొత్త ఫోనును మనము వాయిదా వేయవచ్చును. పదమూడవ యేట చదువవలసిన పాఠము పదునేడవ యేట మన కొరకు కాచుకొని యుండదు. వాయిదా వేయదగినది, వేయరానిది అని రెండు వరుసలుగా ఇంటి పద్దు వ్రాసి చూడుడు. చదువు ఏ వరుసలోనిదో మీకే తెలియును.

చట్టమును మనకు కొంత తోడున్నది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లలోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసెను. ప్రభుత్వ, సహాయ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు మధ్యాహ్న భోజన మున్నది. 2023 జనవరి నుండి ఆహారభద్రతా చట్టముక్రిందనున్న కార్డులవారికి ధాన్యము ఉచితముగా ఇయ్యబడుచున్నది. ఇవి సమస్తమును తీర్చునని మేమనము. కాని వీనిని తెలియకయే, లేదా కార్డు సరిచేయించుకొనకయే, పిల్లవానిని పనిలో పెట్టిన యిండ్లు గలవు. పాఠశాలవారి బాధ్యతయు తక్కువ కాదు. పని తగ్గిన యేడు క్రొత్త యూనిఫారము కావలెననియు, విహారయాత్రకు చందా తెమ్మనియు పట్టుబట్టు పాఠశాల, చదువు మానవలదని తండ్రికి చెప్పు నర్హతను కోలుపోవును. పై తరగతికి పోయినవారి పుస్తకములను క్రింది తరగతివారికి అందించు ఏర్పాటు ప్రతి తెలుగు పాఠశాలలోను ఉండవలెను.

మరియొక మాట. భయకాలములో కొందరు పిల్లల చదువు మాన్పరు గాని తెలుగు మాన్పింతురు. రానున్నవి చెడ్డ దినములు, తెలుగు చదివిన ఉద్యోగము రాదని యేడు మధ్యలో పిల్లవానిని వేరొక మాధ్యమమునకు మార్తురు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్వవలదని మేమెన్నడును చెప్పము. ఈ గడ్డమీద బ్రదుకువారు అవి నేర్చియే తీరవలెను. కాని అర్థమగుచున్న భాషలో లెక్కలు చేయుచున్న బాలుని హఠాత్తుగా అర్థముకాని భాషలో కూర్చుండబెట్టినచో వాడు లెక్కలను పోగొట్టుకొనును, భాషయు పట్టువడదు. మార్పు కావలెననుకొన్నవారు నెమ్మదిమీద ఆలోచించి, ఉపాధ్యాయులతో మాటలాడి చేయవలెను. వదంతి విన్న వారములో చేయదగిన పని కాదది.

విద్యార్థులారా, ఇందులో మీకును పని గలదు. వదంతి మన వాడలలో తెలుగులోనే తిరుగును. దానిని నివారించు వార్త మరాఠీ పత్రికలోనో, ఇంగ్లీషు పత్రికలోనో యుండును. బ్యాంకులు మునుగుచున్నవట యని బీడీలు చుట్టుచు అవ్వ దిగులుపడినప్పుడు, ఆమెకు వచ్చిన యొకే భాషలో ఆమెకు నిజము చెప్పగలవాడెవడు? బ్యాంకులోని సొమ్మునకు బీమా గలదనియు, ఆ బీమా 2020 ఫిబ్రవరిలో ఖాతాదారునికి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల రూపాయలకు పెంచబడినదనియు ఆమెకు తెలుగులో విప్పి చెప్పవలసినవాడవు నీవే. రెండు భాషల నడుమ నిలిచిన మన పిల్లలకు ఇది భారము కాదు, గౌరవము.

మేము ఒక చిన్న అభ్యాసమును సూచించుచున్నాము. ప్రతి యింట నొక నోటుపుస్తకములో బియ్యము, వంటనూనె, కందిపప్పు, గ్యాసు, పెట్రోలు ఈ అయిదింటి ధరలను వారమున కొకమారు తెలుగులో వ్రాయుడు. ప్రక్కన ఆ వారము ఇంటికి వచ్చిన కూలి వ్రాయుడు. ఆరు నెలలు గడచునప్పటికి ధర ఎప్పుడు పెరిగెనో, ఎప్పుడు దిగెనో, కూలి దానిని అందుకొనెనో లేదో మీ వ్రాతయే చెప్పును. లెక్క వ్రాయు ఇంటిలో భయము ఉండవచ్చును గాని, వీధిలో విన్న మాటకే పరుగెత్తించు భయము ఉండదు.

యుద్ధములను ఆపుట మన చేతిలో లేదు. నల్లసముద్రపు ఓడలను నడుపుట మనకు సాధ్యము కాదు. హాజరుపట్టీలో మన పిల్లవాని పేరునకు ఎదుట సున్న పడకుండ చూచుకొనుట మాత్రము, ఎంత కష్టమైనను, చాలవరకు మన చేతిలోనిదే. రానున్న చెడ్డ కాలమునకు మనము దాచుకొనదగిన ధాన్యము అదియే యని మా నమ్మకము.